అక్క పెండ్లి నాటి నెత్తురు చుక్క

ఈ ఎండాకాలం ఒక ఆదివారం మధ్యాహ్నం, కరీంనగర్‌లోని మా ఇంట్లో అందరం భోజనాలు ముగించుకుని కూలర్ ముందు కూర్చున్నాం. మా కూతురి బిడ్డ నేల మీద బోర్లా పడుకుని బొమ్మల పుస్తకంలో ఏనుగుకు రంగు వేస్తోంది. వేస్తూ వేస్తూ ఆగి, "అమ్మమ్మా, ఈ ఎర్ర రంగు నేను వెయ్యలే" అంది. వంగి చూస్తే ఏనుగు వీపు మీద నెత్తురు చుక్కలు. పిల్ల తలెత్తింది. ఒక ముక్కురంధ్రంలోంచి సన్నటి ధార పెదవి దాటి గదవ దాకా వచ్చింది. మా అల్లుడు ఒక్క ఉదుటున లేచి పిల్లను ఎత్తుకుని తల వెనక్కి వంచి పట్టుకున్నాడు. మా కూతురు ఒక చేత్తో ఫోన్లో డాక్టర్ నంబరు వెతుకుతూ, కాళ్లకు మాత్రం ఎవరివో మగవాళ్ల చెప్పులు తొడుక్కుంటోంది. నేను పిల్లను దింపమన్నాను. కుర్చీలో కూర్చోబెట్టి తల కొంచెం ముందుకు వంచి, ముక్కు ఎముక కింద మెత్తగా ఉండే చోట రెండు పక్కలా నా బొటనవేలితో, చూపుడువేలితో గట్టిగా పట్టుకున్నాను. నోటితో ఊపిరి తీసుకోమని, నోట్లోకి వస్తే మింగకుండా గిన్నెలో ఉమ్మమని చెప్పి, పిల్లకు కాకి కథ, ఆ తర్వాత కాకి చెల్లెలి కథ చెప్పాను. మధ్యలో మా అల్లుడు ఆగిందేమో చూద్దామని నాలుగైదుసార్లు అడిగాడు. నేను వేళ్లు తియ్యలేదు. కథలు అయిపోయాక తీస్తే నెత్తురు ఆగింది.

నాకు అంత నిబ్బరం ఎక్కడిదని మా కూతురు ఆశ్చర్యపోయింది. నాది నిబ్బరమేం కాదు. నేను గుండె జబ్బుకు నెత్తురు పల్చబరిచే మాత్రలు వేసుకుంటాను. నా ముక్కులోంచే గనక నెత్తురు వస్తే ఇంట్లో కూర్చుని కథలు చెప్పుకోవద్దని, ముక్కు అట్లాగే పట్టుకుని వెంటనే దవాఖానకు బయల్దేరి రావాలని మా డాక్టరుగారు ముందే హెచ్చరించి పెట్టారు. పెద్దవాళ్ల సంగతి వేరు, తలకు దెబ్బ తగిలినవాళ్ల సంగతి వేరు, అరగంటకూ ఆగకుండా గొంతులోకి కారేవాళ్ల సంగతి వేరు. చిన్నపిల్లకు ఎండలో కారిన నాలుగు చుక్కలకు నేను బెదరకపోవడానికి కారణం ఒక్కటే. ముక్కు నెత్తురును చూసి ఒక మనిషి జన్మలో ఎంత బెదరగలదో అంతా నేను ఒక్క పూటలోనే బెదిరిపోయాను. అది మా అక్క పెండ్లినాడు, ఇచ్చోడలో, చర్చిలో.

మాది ఆదిలాబాద్ జిల్లా ఇచ్చోడ. హైవే ఊరి మధ్యలోంచి పోతుంది కాబట్టి మా చిన్నతనమంతా లారీల హారన్ల మధ్యే గడిచింది. మా తాత కాలంలో మిషన్ వాళ్లు కట్టిన రాతి చర్చికి మేము ప్రతి ఆదివారం పోయేవాళ్లం. మేము నాన్నను బాపు అని, అమ్మను అవ్వ అని పిలిచేవాళ్లం. బాపు పత్తి, జొన్న వేసేవాడు. పొడుగు మనిషి, తక్కువ మాటల మనిషి. ఎద్దు పొడిచి తొడ చీలినప్పుడు కూడా తువ్వాల కట్టుకుని నడిచి ఇంటికి వచ్చినవాడు. అవ్వ దీనికి పూర్తిగా ఎదురు. ఆమె జరగబోయే చెడునంతా ముందే ఊహించి, వరుసగా ఒక్కొక్కదానికీ ఏడ్చి పెట్టుకునేది. ఏదీ జరగకపోతే దేవునికి వందనాలు చెప్పి కొత్తవి ఊహించేది.

అక్కకు సంబంధం ఉట్నూర్ వైపు నుంచి వచ్చింది. బావ అక్కడ ఆశ్రమ పాఠశాలలో పంతులు. తండ్రి లేడు, తల్లే పెంచింది. ఆ తల్లి మా ఇంటికి ఒక్కసారి, సంబంధం ఖాయం చేసుకునే ఒప్పుకోలు నాడు వచ్చింది. నిలువెత్తు మనిషి, వెడల్పాటి భుజాలు, నుదుటి మీద అడ్డంగా ఒక ముడత. వచ్చింది మొదలు పోయేదాకా ఒక్క మాట మాట్లాడలేదు. మా అవ్వ వడ్డించిన కోడికూరను ఒక ముక్క తిని పక్కకు జరిపింది. అక్కను కిందినుంచి పైదాకా చూసింది. ఇల్లంతా చూసింది. జీపెక్కి పోయింది. ఇక మా అవ్వకు ఆ ఎండాకాలమంతా అదే పని. పిల్ల నచ్చలేదా, కూర నచ్చలేదా, మన గోడల సున్నం నచ్చలేదా. రాత్రి పడుకుంటూ కూడా, కూరలో ఉప్పెక్కువైంది కదా అని బాపును లేపి అడిగేది. అంతటి అత్త కింద అక్క ఎట్లా బతుకుతుందోనని నాకూ లోపల గుబులుగానే ఉండేది. నేనప్పుడు ఆదిలాబాద్‌లో డిగ్రీ చదువుతున్నాను. ఇంట్లో నాకు ధైర్యస్తురాలని పేరు. దానికి ఆధారమేమిటో నాకైతే తెలియదు.

పెండ్లి మే నెలలో పెట్టుకున్నారు. పత్తి అమ్ముడుపోయి ఉంటుంది, బడికి సెలవులు, జీపులు దొరుకుతాయి. ఎండ మాత్రం ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. ఆ యేడు గాలిలో తడి అన్నదే లేదు. పెదవులు పగిలి మాట్లాడితే మంట పుట్టేది. ఉతికిన బట్ట తీగ మీద వేసి వెనక్కి తిరిగేలోపు ఆరిపోయేది. అక్క ఆ వారమంతా మమ్మల్ని విడిచిపోతున్నానని ఏడుస్తూ, చేతిరుమాలుతో ముక్కు తుడిచి తుడిచి ఎర్రగా చేసుకుంది. పెండ్లికూతురు చెమటకు వాడిపోవద్దని మా పెద్దమ్మ, అంటే అవ్వ అక్క, ఎక్కడినుంచో ఒక కూలర్ తెప్పించి అక్క మొహానికి సూటిగా పెట్టించింది. అందులో నీళ్లు అయిపోయిన సంగతి ఎవరూ చూసుకోలేదు. పొడిగాలి తెల్లవార్లూ ఆమె మొహాన కొట్టింది. ఇదంతా కూడి ఆమె ముక్కును ఏం చేసిపెట్టిందో తర్వాత డాక్టరు చెబితేగానీ మాకు అర్థం కాలేదు.

పొద్దున్నే చర్చి నిండిపోయింది. ఎత్తైన పైకప్పు నుంచి పొడుగాటి గొట్టాలకు వేలాడే ఫ్యాన్లు తిరుగుతున్నాయనే పేరేగానీ గాలి మా దాకా దిగిరాలేదు. అక్క తెల్ల పట్టుచీరలో, తల మీద వల ముసుగుతో వేదిక ముందు నిలబడింది. ముసుగు అంచు పట్టుకుని నేను వెనక నిలబడ్డాను. మల్లెపూల వాసన, కొత్త బట్టల వాసన, చర్చి వెనక పొయ్యిల మీద ఉడుకుతున్న మాంసం వాసన కలిసి వస్తున్నాయి. పాస్టరుగారు ముందు బావను ప్రమాణం అడిగారు. బావ గొంతు తడారిపోయి "అవును" అన్నది సగమే వినబడింది. జనం నవ్వుకున్నారు. తర్వాత పాస్టరుగారు అక్కవైపు తిరిగి, కష్టంలోనూ సుఖంలోనూ, ఆరోగ్యంలోనూ అనారోగ్యంలోనూ ఇతనికి తోడుగా ఉంటావా అని అడిగారు.

అక్క తలెత్తింది. జవాబు రాలేదు. ముక్కు కింద చెమట పట్టిందనుకుని ముసుగు అంచుతో తుడుచుకుంది. ఆ అంచు నా చేతిలోకి తిరిగి వచ్చినప్పుడు ఎర్రగా ఉంది. నాకు ఒక క్షణం అది ఏమిటో అర్థం కాలేదు. లిప్‌స్టిక్ అంటిందనుకున్నాను, కానీ మా పాస్టరుగారికి భయపడి అక్క లిప్‌స్టిక్ పెట్టుకోనే లేదు. అప్పుడు తెల్లచీర కుచ్చిళ్ల మీద టప్పుమని ఒక చుక్క పడింది. దాని వెనక ఇంకొకటి. ఆ తర్వాత చుక్కలు కావు, ధార. ముసుగు అంచును వదలకుండా అలాగే పట్టుకున్నాను. అక్క తన చీరను తానే వింతగా, ఎవరిదో చీరను చూసినట్టు చూస్తోంది. అంత పెద్ద చర్చిలో ఒక్క మనిషి కదలలేదు. బయట హైవే మీద ఒక లారీ హారన్ కొట్టుకుంటూ పోవడం, అది దూరమై దూరమై ఆగిపోవడం దాకా నాకు వినబడింది.

ముందుగా తేరుకున్నది పెద్దమ్మ. ఆమె తేరుకోకపోయినా బాగుండేదని తర్వాత అందరం అనుకున్నాం, పాపం ఆమె కూడా అనుకుంది. వడదెబ్బ తగిలిందని అరుచుకుంటూ వచ్చి అక్క తలను వెనక్కి వంచింది. చాప పరిపించి వెల్లకిలా పడుకోబెట్టింది. వంటల దగ్గరి నుంచి ఉల్లిగడ్డ తెప్పించి పగలగొట్టి వాసన చూపించింది. నెత్తిన చెంబెడు నీళ్లు కుమ్మరించింది. మల్లెపూలు నీళ్లతోపాటు మెట్ల మీదికి జారాయి. ముక్కులోంచి బయటికి నెత్తురు రావడం ఆగింది. ఆగిందని పెద్దమ్మ ప్రకటించగానే చర్చి అంతా ఒక్కసారి ఊపిరి వదిలింది. అవ్వ మోకాళ్ల మీద కూలబడి వందనాలు చెప్పడం మొదలుపెట్టింది. అక్క గుటకలు మింగుతూ పడుకుని ఉంది. ఆ గుటకలు ఏమిటో మాలో ఎవరికీ తట్టలేదు.

కాసేపటికి అక్క ఒక్కసారిగా లేచి కూర్చుని కక్కుకుంది. నల్లటి నెత్తురు, గడ్డలు గడ్డలుగా, వేదిక ముందు పరిచిన తివాచీ మీద పడింది. దాంతోపాటే ముక్కులోంచి మళ్లీ ధార మొదలైంది. ఎవరో ఆడమనిషి కెవ్వుమంది. అవ్వ గోడకు ఒరిగి అట్లాగే కిందికి జారిపోయింది, ఆమె నోట ఏడుపు కూడా రాలేదు. జరగబోయే చెడునంతా ముందే ఊహించుకునే మా అవ్వ దీన్ని మాత్రం ఊహించలేదు. బాపు వైపు చూశాను. ఆయన రెండు చేతులూ సగం పైకెత్తి, ఎవరినో ఆపబోతున్నట్టు, అలాగే నిలబడిపోయాడు. ఎద్దు పొడిస్తే నడిచి వచ్చిన మనిషి ఒక్క అడుగు ముందుకు వెయ్యలేకపోయాడు. అక్క చచ్చిపోతోందనే నేను అనుకున్నాను. ఆ మాట మనసులో అంత స్పష్టంగా వచ్చింది.

అప్పుడు బావ మేనమామ లేచాడు. ఆయనది భైంసాలో పత్తి బేరం. మార్కెట్లో నలుగురికి వినబడేలా మాట్లాడి అలవాటైన గొంతు. చెడ్డమనిషి కాదు, చెల్లెలు ఒంటరిదైనప్పటి నుంచి ఆ ఇంటికి ఆయనే పెద్దదిక్కు.

"జర ఆగుండ్రి. పిల్ల కడుపుల ఏదో రోగమున్నది. గీ ముచ్చట మాకు ముందుగాల్నే చెప్పాలె గద. ఇయ్యాల పెండ్లి వద్దు. దవాఖానల చూపెట్టినంక కూసొని మాట్లాడుకుందాం" అన్నాడు.

అటువైపు బెంచీల్లోంచి గుసగుసలు లేచాయి. ముందు దాచిపెట్టారని ఒకరు, టీబీ ఏమోనని ఒకరు. బాపు పెదవులు కదిలాయి. "నా బిడ్డకు ఏ రోగం లేదు" అన్నాడు. ఆ గొంతు నాకు తెలిసిన బాపుది కాదు. పక్కనున్న నాకే సరిగా వినబడని మాట, అంత జనంలో ఎవరికి వినబడుతుంది? బావ మాత్రం జేబులోంచి తీసిన చేతిరుమాలును ముందుకు చాపి పట్టుకుని నిలబడ్డాడు. ఇవ్వడు, వెనక్కి తీసుకోడు.

ముందు వరసలోంచి అక్క కాబోయే అత్తగారు లేచింది. నాకు ఉన్న కాస్త ప్రాణమూ పోయింది. ఇక ఈమె కొడుకు చెయ్యి పట్టుకుని బయటికి నడుస్తుందనుకున్నాను. ఆమె తిన్నగా వచ్చి, తన లేతపసుపు పట్టుచీరతోనే వేదిక మెట్టు మీద, ఆ నెత్తురులో, అక్క పక్కన కూర్చుంది.

"ఎవ్వలు మీద పడకుండ్రి, గాలి ఆడనియ్యుండ్రి" అంది. ఆమె గొంతు మేమంతా వినడం అదే మొదటిసారి. పెద్దగా ఏమీ లేదు, మామూలు గొంతే. అక్క తలను పట్టి ముందుకు వంచింది. తన కొంగు మడతపెట్టి అక్క ముక్కు మెత్తటి భాగాన్ని వేళ్ల మధ్య బిగించింది. "బిడ్డా, నోటితోని ఊపిరి తీస్కో. నోట్లెకొచ్చింది మింగకు, ఉమ్మెయ్యి. ఏం గాదు, నేనున్న" అంది. తర్వాత తలెత్తకుండానే అందరికీ వినబడేలా చెప్పింది: అది కడుపులో రోగం కాదు, ముక్కులోని నెత్తురే. తల వెనక్కి వంచి పడుకోబెడితే అంతా గొంతులోకి పోయింది, మింగిన నెత్తురు కడుపులో ఇమడదు కాబట్టి బయటికొచ్చింది.

మేనమామ ఇంకా నిలబడే ఉన్నాడు. ఆమె ఆయన వైపు తిరిగింది, వేళ్లు మాత్రం వదల్లేదు.

"అన్నా, నీ మేనల్లునికి చిన్నప్పుడు ఎండలొస్తె చాలు, గిట్లనే కారుతుండె. ఎన్ని మెత్తలు ఖరాబైనయో నీకెరుకే. నువ్వే ఎత్తుకొని మిషన్ దవాఖానకు ఉరికినవు. గా ముచ్చట మనం వీళ్లకు చెప్పినమా?"

మేనమామ నేల చూశాడు. బావ చెవులు ఎర్రబడ్డాయి. నిండు చర్చిలో తన దిండ్ల సంగతి బయటపడుతుందని పాపం ఏ పెండ్లికొడుకు మాత్రం అనుకుంటాడు? వంచిన తలతోనే అక్క భుజాలు కదిలాయి. ఏడుస్తోందనుకున్నాను. నవ్వుతోంది. "నవ్వకు, మళ్ల కారుతది" అని అత్తగారు గదమాయించింది.

మేనమామ మారుమాట లేకుండా బయటికి నడిచాడు. కోపమొచ్చి వెళ్లిపోయాడనుకున్నాం. హైవే మీది కూల్‌డ్రింకుల దుకాణంలో ఐసు పగలగొట్టించి, తన భుజం మీది తువ్వాలలోనే మూటకట్టుకుని, నీళ్లు కారుతుండగా తిరిగి వచ్చాడు. దాన్ని అక్క ముక్కు దూలం మీద, చెంపల మీద తానే అద్దాడు. ఇక అత్తగారు పాస్టరుగారిని చూసి, ఊరికే నిలబడే బదులు పాటలు పాడించమంది, తను చెయ్యి తీసేది ఇప్పట్లో కాదంది. మొదటి పాట వణుకుతూ మొదలైంది. తర్వాత పంట పండుగ పాట పాడారు. కంగారులో ఎవరో సమాధి దగ్గర పాడే పాట ఎత్తుకున్నారు, పాస్టరుగారి చూపుకు అది మొదటి చరణంలోనే ఆగిపోయింది. పెద్దమ్మ మెల్లగా వచ్చి, ఆగిందేమో ఒకసారి చూద్దామంది. "చూడకు వదినె. చూస్తే మళ్ల మొదటికొస్తది" అని ఆమె కదలలేదు. ఆమె వేళ్లు తెల్లబడి వణకడం నేను చూశాను. ఇంకో చేత్తో మణికట్టును ఊతగా పట్టుకుందేగానీ వదల్లేదు. అన్ని పాటలూ అయ్యాక మెల్లగా కొంగు తీసింది. అక్క మొహం నిండా ఆరిన మరకలు, పట్టిన చోట రెండు నొక్కులు. కొత్త చుక్క మాత్రం రాలేదు. ఎవరూ కదలకుండా ఇంకాసేపు చూశాం. రాలేదు.

పాస్టరుగారు పెండ్లికూతురు ఆ చీరతో నిలబడడం బాగుండదు కదా అని సందేహించారు. అత్తగారు తాము పెట్టడానికి తెచ్చిన చిలకపచ్చ చీర తెప్పించింది. పెండ్లయ్యాక కట్టుకోవాల్సిన చీరను ముందే కట్టొచ్చా అన్న చర్చ బెంచీల్లో మొదలై, తెల్లచీరే కట్టాలని వాక్యంలో ఎక్కడా లేదని పాస్టరుగారు చెప్పడంతో ముగిసింది. వెనక గదిలో అక్కకు చీర కట్టింది నేనే. నా వేళ్లకు కుచ్చిళ్లు నిలవలేదు. అక్క నన్ను చూసి, "నువ్వెందుకు వణుకుతున్నవే" అంది. అప్పుడు ఏడ్చాను.

పాస్టరుగారు ఆగిన చోటినుంచే మళ్లీ అడిగారు. ముక్కు చీదవద్దని, తుడవవద్దని అత్తగారి ఆజ్ఞ. మూసుకుపోయిన ముక్కుతో అక్క గట్టిగా చెప్పిన "అవును" చర్చి అంతటికీ "అవుడు" అని వినబడింది. అలా మా అక్క పెండ్లి జరిగింది. విందులో అందరూ పొగలుగక్కే మాంసం తింటుంటే, వేడివి తినొద్దని పెండ్లికూతురికి మాత్రం చల్లారిన అన్నంలో పెరుగు. వడ్డించింది అత్తగారే. ఒప్పుకోలు నాడు ఎందుకు మాట్లాడలేదని అవ్వ ఇక ఉండబట్టలేక అడిగేసింది. ఆ పొద్దున్నే దవడపన్ను పీకించుకుని దూది నోట్లో పెట్టుకుని వచ్చానని ఆమె చెప్పింది. మా అవ్వ అన్నాళ్ల బెంగ అట్లా ఒక్క పంటితో పోయింది.

మరునాడు ఆదిలాబాద్‌లో డాక్టరుకు చూపించారు. బీపీ చూశాడు, నెత్తురు పరీక్ష చేయించాడు, ఏ రోగమూ లేదన్నాడు. ముక్కు ముందుభాగంలో పలుచటి పొర కింద సన్నని నెత్తురు నరాలుంటాయట. ఎండకు, పొడిగాలికి, రుద్దుడుకు ఆ పొర చిట్లితే ఇట్లా కారుతుందట. వాసెలిన్ కొద్దిగా లోపల రాయమని, కూలర్ గాలికి సూటిగా పడుకోవద్దని, కొన్నాళ్లు ముక్కులో వేలు పెట్టవద్దని చెప్పాడు. ఆ చివరి మాట దగ్గర బావ, అక్క ఇద్దరూ తలలు వంచుకున్నారని మేనమామ ఇచ్చోడ వచ్చి మరీ చెప్పి నవ్వాడు. పెండ్లి ఆపమన్న మాటకు మాత్రం ఆయన బాపు రెండు చేతులూ పట్టుకున్నాడు. ఇద్దరూ కలిసి చేనుకు పోయి వచ్చారు.

అత్తగారు పోయి కొన్నేళ్లయింది. అక్కా నేనూ కలిసినప్పుడల్లా ఆ పెండ్లి ముచ్చట తీస్తాం, సమాధి పాట దగ్గర పగలబడి నవ్వుతాం. ఒక్కచోట మాత్రం అక్క నవ్వు ఆగిపోతుంది. "పెండ్లి వద్దన్నప్పుడు మీ బావ ఒక్క మాట మాట్లాడలే" అంటుంది, ఇప్పటికీ. బావ పక్కనే ఉంటే పేపరు మొహానికి అడ్డంపెట్టుకుంటాడు. ఆనాడు ముందు వరసలోంచి అత్తగారు లేచి మెట్ల దాకా నడిచి వచ్చినంతసేపు, ఆ నాలుగడుగులంత సేపు, కాలం కదలడం మానేసిందని నేను ఒట్టేసి చెప్పగలను. ఆ తర్వాత ఇన్నేళ్లలో అది ఇంకెక్కడా ఆగినట్టు నాకు గుర్తు లేదు.